నల్లపొడి, ప్రాణవాయువు, ఒక లాగ్‌బుక్

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం మన కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "సుబేదార్ సాబ్, ప్రతి ఏడూ పాత పోస్టింగుల కబుర్లు, పెన్షన్ కబుర్లే అయిపోతున్నాయి. ఈసారి మీరు సైన్సు మీద మాట్లాడాలి. మీ పెద్దమ్మాయి అందులో డాక్టరేట్ చేసింది కదా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నేను శ్రీకాకుళం జిల్లాలో ఇంటర్మీడియట్ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, 1988లో సిగ్నల్స్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేరినవాణ్ణి. జబల్‌పూర్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత ముప్పై ఏళ్లు బ్యాటరీలు, చార్జింగ్ ఇంజన్లు, కేబుళ్లు. నాకు వచ్చిన కెమిస్ట్రీ ఎంతంటే, యాసిడ్ చుక్క పడితే ప్యాంటుకి చిల్లు పడుతుందని తెలిసినంత. అయినా ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. అది మధ్యలో వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు అందరికీ తెలిసిన వస్తువుతో మొదలుపెడతాను. ఇందాక రెండో వరసలో మన ఆర్టిలరీ సుబేదార్ మేజర్ గారు చెవి మిషనుకి సెల్లు మార్చుకుంటూ ఉండగా చూశాను. తోపుల పక్కన పాతికేళ్లు నిలబడిన చెవులు మరి! ఆ బొత్తాం సెల్లుకి ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. అది పీకి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు మిషనులో పెడతారు. ఎందుకు ఆగాలో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ స్టిక్కరు కింద సన్నని రంధ్రాలు ఉంటాయి. స్టిక్కరు పీకగానే గాలి లోపలికి పోతుంది. ఆ గాలిలోని ఆక్సిజనే ఆ సెల్లుకి సగం సరుకు. మిగతా సగం లోపల ఉన్న జింకు పొడి. అంటే ఆ సెల్లు ఊపిరి పీల్చి కరెంటు ఇస్తుంది. అందుకే అంత చిన్నది అన్ని రోజులు వస్తుంది. సగం సరుకు మోసుకు తిరగనక్కర్లేదు, గాలిలోంచే తీసుకుంటుంది.

సైనికుడికి ఈ మాట విలువ చెప్పనక్కర్లేదు. పిట్టులో ప్రతి అరకిలో ఎక్కడ కోస్తుందో మన భుజాలకి తెలుసు. రేషన్ తింటే తగ్గుతుంది, నీళ్లు తాగితే తగ్గుతాయి. బ్యాటరీ మాత్రం అయిపోయినా అంతే బరువు.

ఆ సెల్లులో గాలి వైపు జరిగే పనికే ఆక్సిజన్ రిడక్షన్ రియాక్షన్ అని పేరు. తెలుగులో ఆక్సిజన్ క్షయకరణ చర్య అంటారు. మా అమ్మాయి ఐదారేళ్ల జీవితం ఈ మూడు ఇంగ్లీషు మాటల చుట్టూ తిరిగింది. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు ఉంటాయి. అవి రెండు చేతులూ గట్టిగా పట్టుకుని నిలబడి ఉంటాయి. వాటిని విడదీసి, నాలుగు ఎలక్ట్రాన్లు అందించి, హైడ్రోజన్‌తో కలిపి నీళ్లు చెయ్యాలి. అలా ఎలక్ట్రాన్లు అందుకునేటప్పుడే బయటి తీగలో కరెంటు పారుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ పట్టు ఒక పట్టాన వదలదు. హైడ్రోజన్ వైపు పని చిటికెలో అవుతుంది, ఆక్సిజన్ వైపు పని నత్తనడక నడుస్తుంది. లెక్క ప్రకారం హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే 1.23 వోల్టులు రావాలి. ఆక్సిజన్ వైపు మందకొడితనం వల్లే అందులో మంచి భాగం వేడిగా పోతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. నాలుగు ఎలక్ట్రాన్లూ అందకుండా రెండు మాత్రమే అందితే నీళ్లకి బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. ఎంఐ రూములో నర్సింగ్ అసిస్టెంటు పుండు మీద పోస్తే బుసబుసా నురగ వచ్చేదే అది. పుండు సంగతి ఎలా ఉన్నా ఫ్యూయల్ సెల్‌కి మాత్రం చెడ్డది. లోపలి పొరని కొంచెం కొంచెంగా తినేస్తుంది. కాబట్టి పని తొందరగా జరగాలి, పూర్తిగానూ జరగాలి.

ఇలాంటి చోట కావలసినవాడే ఉత్ప్రేరకం, అదే కేటలిస్టు. మన పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడు. కుదరని సంబంధం కుదురుస్తాడు, తాను మాత్రం కాపురంలో కలవడు, మర్నాడు ఇంకో ఇంటికి పోతాడు. ఆక్సిజన్ విషయంలో ఇప్పటిదాకా పేరుమోసిన పేరయ్య ప్లాటినం. 1839లో విలియం గ్రోవ్ అనే ఆయన, వృత్తికి లాయరు, హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు తెప్పించినప్పుడు వాడింది ప్లాటినం రేకులే. నూట ఎనభై ఏళ్లు దాటినా ఇప్పటికీ హైడ్రోజన్ కార్లలో, బస్సుల్లో అదే. అందులోనూ ఎక్కువ భాగం ఆక్సిజన్ వైపే పుయ్యాలి. ప్లాటినం ఎక్కువగా దొరికేది దక్షిణాఫ్రికాలో. ధర మన ఆడవాళ్లకి తెలుసు. పైగా కార్బన్ మోనాక్సైడ్ తగిలితే దానికి విషం ఎక్కినట్టు అవుతుంది.

మరి బొగ్గులాంటి చవక సరుకుతో ఈ పని చేయించలేమా? ప్రపంచంలో చాలామంది బుర్రలు ఈ ప్రశ్న మీద పనిచేస్తున్నాయి. 1964లోనే రేమండ్ జాసిన్‌స్కీ అనే ఆయన కోబాల్ట్ కలిసిన ఒక రంగు పదార్థం ఆక్సిజన్ మీద పనిచేస్తుందని చూపించాడు. లోహం చుట్టూ నాలుగు నత్రజనులు కూర్చున్న అణువు అది. ఇంచుమించు మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే ఇనుము కూడా అలాగే కూర్చుని ఉంటుందట. ప్రకృతి ప్లాటినం వాడలేదు చూశారా, ఇనుముతోనే పని కానిచ్చింది.

తర్వాత 1991లో జపాన్‌లో సుమియో ఇజిమా అనే శాస్త్రవేత్త కార్బన్ నానోట్యూబుల్ని మైక్రోస్కోపులో స్పష్టంగా చూపించాక వాటి మీద ప్రపంచమంతా మోజు పడింది. నానోట్యూబు అంటే ఏమీ లేదండి. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటులో ఒక్క పొర తీసి, చాప చుట్టినట్టు చుట్టారనుకోండి, అదే. అలాంటి చుట్టలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటే అనేక గోడల ట్యూబు. ఒక గోడ ట్యూబు లావు ఒకటి రెండు నానోమీటర్లు. మన వెంట్రుక లావు దానికి పదుల వేల రెట్లు. ఆ గొట్టం వెంట ఎలక్ట్రాన్లు హాయిగా పరుగెడతాయి. గొట్టాల కుప్పలో సందులు ఉంటాయి కాబట్టి గాలి లోపలికి వస్తుంది, తయారైన నీళ్లు బయటికి పోతాయి. ఆక్సిజన్ వైపు కావలసినవి సరిగ్గా ఇవే.

కానీ ఉత్త గొట్టం సోమరిపోతు. దాంట్లో అక్కడక్కడ ఒక కర్బనం తీసి నత్రజని కూర్చోబెట్టాలి. నత్రజని తన పక్కవాళ్ల ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది. దాంతో పక్క కర్బనాలకి కొంచెం ప్లస్ స్వభావం వస్తుంది, ఆక్సిజన్ వచ్చి అక్కడ వాలుతుంది, దాని పట్టు సడలుతుంది. 2009లో అమెరికాలో లిమింగ్ డై బృందం, అందులో వాళ్ల వైమానిక దళ పరిశోధనశాల మనిషి కూడా ఉన్నారు, ఇలాంటి నత్రజని గొట్టాల్ని గడ్డి మొలిచినట్టు నిలువుగా పెంచి పరీక్షించింది. క్షార ద్రావణంలో అవి ప్లాటినం కంటే బాగా పనిచేశాయని సైన్స్ పత్రికలో రాశారు. ఆ తర్వాత ఇదొక తిరనాళ్ల అయిపోయింది. 2012లో స్టాన్‌ఫోర్డ్‌లో హాంగ్జీ డై బృందం గొట్టాల పైగోడని చీల్చి, లోపలి గోడలు కరెంటు మొయ్యడానికి, చీలిన ముక్కలు పని చెయ్యడానికి ఉండేటట్టు చేసింది. అందులో నత్రజనితో పాటు గొట్టాల్లో మిగిలిపోయిన ఇనుము కూడా పని చేసింది. 2016లో జపాన్‌లోని సుకుబాలో నకమురా బృందం, పని జరిగేది నత్రజని మీద కాదు, ఒక రకం నత్రజని పక్కనున్న కర్బనం మీద అని చూపించింది.

ఇదంతా మా అమ్మాయి నాకు వంటింట్లో కూర్చుని చెప్పింది. ఇక ఇంటి సంగతికి వస్తాను.

నేను సుబేదార్‌గా 2018లో రిటైరయ్యే నాటికి మా అమ్మాయి పరిశోధనలో చేరింది. ఒకసారి తన ల్యాబు చూపించింది. బట్టీలో ఒక క్వార్ట్జ్ గొట్టం, దాని పక్కన సిలిండర్లు. ఇనుప రేణువులు చల్లిన పలక లోపల పెట్టి, 800 డిగ్రీలకి వేడెక్కించి, మన వెల్డింగ్ వాళ్లు వాడే ఎసిటిలీన్ గ్యాసు, దాంతో అమ్మోనియా పంపుతారు. ఒక్కొక్క ఇనుప రేణువు విత్తనం లాగా పనిచేసి గొట్టం మొలుస్తుంది. నత్రజని చేరిన గొట్టాలకి కణుపులు వస్తాయి, మైక్రోస్కోపు ఫొటోలో అచ్చం వెదురు కర్రల్లా ఉన్నాయి. చల్లారాక బయటికి తీస్తే చిటికెడు మసి. "ఇన్నేళ్లు చదివి మసి తయారు చేస్తున్నావా తల్లీ" అన్నాను. "ఈ మసి వెండి కంటే ప్రియం నాన్నా, తుమ్మకు" అంది.

ఆ మసిని యాసిడ్‌తో కడిగి ఇనుము తీసేస్తారు. తర్వాత సిరాలాగా కలిపి, కందిబద్దంత గాజు కార్బన్ బిళ్ల మీద ఒక్క చుక్క ఆరబెడతారు. దాన్ని ద్రావణంలో ముంచి నిమిషానికి 1600 చుట్లు తిప్పుతూ ఎంత వోల్టు దగ్గర ఎంత కరెంటు వస్తోందో కొలుస్తారు. చుట్టూ ఇంకో ఉంగరం ఉంటుంది, పెరాక్సైడ్ ఎంత తప్పించుకుపోతోందో అది చెబుతుంది. సర్క్యూట్ పూర్తవ్వాలి కాబట్టి ఎదురుగా ఇంకో తీగ ఉండాలి. వాళ్ల ల్యాబులో చాలా ఏళ్లుగా అది ప్లాటినం తీగ. ఈ తీగని గుర్తుపెట్టుకోండి.

మూడేళ్లలో ఎన్ని రకాల మసి చేసిందో లెక్కలేదు. క్షారంలో బాగుండేవి, యాసిడ్‌లో చతికిలపడేవి. ప్రపంచంలో అందరికీ అంతే. బస్సుల్లో వాడే ఫ్యూయల్ సెల్లు యాసిడ్ స్వభావం గలది కాబట్టి అక్కడ నిలిస్తేనే గొప్ప. ఒక రోజు ఇంటికొచ్చి స్వీట్ బాక్సు ఇచ్చింది. ఇనుము కడిగేసిన గొట్టం యాసిడ్‌లో ప్లాటినానికి 20 మిల్లీవోల్టుల దూరంలోకి వచ్చిందట. "వెయ్యి సైకిళ్లు తిప్పినా తగ్గలేదు నాన్నా, ఇంకా పెరిగింది" అంది. వాళ్ల గైడ్ గారు కూడా సంతోషించారు, ఒక సమావేశానికి పంపితే అంగీకరించారు, పేపరు రాయడం మొదలైంది.

భోజనాల దగ్గర మళ్లీ అదే మాట చెప్పింది, తిప్పేకొద్దీ పెరిగిందని. నేను ఊరికే అన్నాను, "వాడేకొద్దీ బలం పెరిగే బ్యాటరీని ముప్పై ఏళ్లలో నేను చూడలేదమ్మా" అని. నేనేదో కనిపెట్టానని చెప్పడం లేదు. తనకి అప్పటికే అనుమానం ఉంది, అందుకే రెండుసార్లు చెప్పింది. ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

మర్నాడు ప్లాటినం తీగ తీసేసి, గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్లీ కొలిచింది. 170 మిల్లీవోల్టులు పడిపోయింది. జరిగిందేమిటంటే, యాసిడ్‌లో సైకిళ్లు తిరుగుతుంటే ఎదుటి ప్లాటినం తీగ నుంచి కంటికి కనపడనంత లోహం కరిగి, ఈ గొట్టాల మీద వచ్చి కూర్చుంది. తిప్పేకొద్దీ ఇంకా కూర్చుంది, అందుకే ఇంకా పెరిగింది. పని చేసింది మసి కాదు, ప్లాటినమే. పరీక్షకి పంపిస్తే వాడిన బిళ్ల మీద ప్లాటినం ఆనవాళ్లు దొరికాయి కూడా.

రెండు రోజులు గదిలోంచి రాలేదు. మూడో రోజు రాత్రి వాళ్లమ్మ పడుకున్నాక నా దగ్గర కూర్చుని ఒక్క మాట అంది: "నాన్నా, నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు."

మిత్రులారా, నేను ఈ ప్రసంగానికి ఒప్పుకోవడానికి కారణం ఈ మాట. ఎందుకంటే ఇదే మాట నేను 1993 చలికాలంలో నాలో నేను అనుకున్నాను.

అప్పుడు నేను లాన్స్ నాయక్‌ని. ఉత్తరాన ఎత్తైన సెక్టారులో, కింది క్యాంపులో బ్యాటరీ చార్జింగ్ నా డ్యూటీ. పై పోస్టుల్లో రేడియో సెట్లకి మా బ్యాటరీలు మనుషుల వీపుల మీద వెళ్లేవి. ఆ ఎత్తులో చలికి చార్జింగ్ ఇంజను లేవదు. లేచినా గాలి పలచన కాబట్టి దమ్ము ఉండదు. ఒక రాత్రి నాకు జ్వరం. ఇంజను మధ్యలో ఆగింది, నేను పడుకుండిపోయాను. తెల్లారేసరికి పార్టీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. హైడ్రోమీటరు పెట్టి ఒక్కొక్క సెల్లు చూడాలి, వేళ్లు పనిచెయ్యడం లేదు. పదకొండు బ్యాటరీలకీ లాగ్‌బుక్కులో వరసగా 1.260 అని రాసి సంతకం పెట్టాను. ఒక్కటి కూడా చూడలేదు.

ఇక్కడ బ్యాటరీ తెలిసినవాళ్లకి మిగతాది చెప్పనక్కర్లేదు. నిండా చార్జి ఉన్న యాసిడ్ మైనస్ 50 దాకా గడ్డకట్టదు. చార్జి దిగి 1.150కి వస్తే మైనస్ 15కే గడ్డకడుతుంది. రెండు రాత్రుల తర్వాత పై పోస్టులో బ్యాటరీ గడ్డకట్టి పగిలింది. సెట్టు మూగబోయింది. సరిగ్గా ఆ రాత్రే ఒక జవానుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, మనం హాపో అంటామే అది. గాలి ఆడక, దగ్గితే ఎర్రనురగ. కిందికి కబురు చెప్పే దారి లేదు. ఒక గఢ్వాల్ కుర్రాడు, ఇంకొకరు చీకట్లో మంచులో దిగి వచ్చారు. మేము ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు తీసుకుని పైకి పరుగెత్తాం. తెల్లవారాక హెలికాప్టరు తీసుకెళ్లింది. జబ్బు పడిన జవాను బతికాడు. దిగి వచ్చిన గఢ్వాల్ కుర్రాడికి మంచుకాటుతో ఎడమ కాలి రెండు వేళ్లు పోయాయి.

విచారణ జరిగింది. లాగ్‌బుక్కు తెప్పించి చూశారు. 1.260 అని నా సంతకంతో ఉంది. చలికి బ్యాటరీ పగిలిందని రాశారు. 1.260 ఉన్న బ్యాటరీ ఆ చలికి పగలదని ఆ గదిలో బాగా తెలిసినవాణ్ణి నేనే. నోరు మెదపలేదు. ప్రమోషన్లు వచ్చాయి. జేసీవో అయ్యాను. రిక్రూట్లకి లాగ్‌బుక్కు ఎంత పవిత్రమో పాఠాలు కూడా చెప్పాను. ఇరవై ఏడేళ్లు మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. "ఎవరికీ తెలియదు, నిజమే. నీకు తెలుసు. అది చాలా బరువమ్మా, పిట్టు దించినట్టు దించలేం" అన్నాను. తను ఏడవలేదు. "ఆయన పేరేంటి నాన్నా" అని అడిగింది. చెప్పాను. "ఇప్పుడెక్కడున్నారు" అంది. తెలియదన్నాను. నన్ను ఓదార్చలేదు, తప్పు పట్టనూ లేదు. లేచి వెళ్లి గైడ్ గారికి ఉత్తరం రాసుకుంది.

గైడ్ గారు మంచివారే గాని సులువుగా తీసుకోలేదు. సమావేశం నుంచి పత్రం వెనక్కి తీసుకున్నారు. ప్లాటినం తీగతో కొలిచినవన్నీ మళ్లీ కొలవమన్నారు. ఏడాది పైగా పోయింది. ఫెలోషిప్ గడువు అయిపోయింది. సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంది, నా పెన్షన్ ఉంది కాబట్టి తిండికి లోటు రాలేదు. తోటివాళ్లు ఇద్దరు ఉద్యోగాల్లో చేరిపోయారు. నిజం చెప్పినందుకు దండలు వెయ్యరండి, పని ఎక్కువవుతుంది, అంతే.

ఆ ఏడాదిలో తను ఒక సంగతి తేల్చుకుంది. ఇనుమంతా కడిగేశాం, లోహమే లేదు అని చాలామంది అనుకునే గొట్టాల్లో కూడా లవలేశం ఇనుము మిగులుతుంది, విత్తనం అదే కదా. ఆ లవలేశమే పనిలో చాలా భాగం చేస్తూ ఉండొచ్చు. దీని మీద ప్రపంచమంతా వాదన ఉంది. అందుకని దాచడం మానేసి, ఇనుముని బాహాటంగా, ఒక్కొక్క పరమాణువుగా నత్రజనుల మధ్య కూర్చోబెట్టే దారి పట్టింది. ఎంత పెట్టిందో లెక్క రాసింది. ఆ దారిలో ఇదివరకే పెద్దపెద్దవాళ్లు నడుస్తున్నారు. అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబు ఎన్నో ఏళ్లుగా ఇనుము, నత్రజని, కర్బనం కలయిక మీద పని చేసింది. 2017లో కెనడాకు చెందిన బల్లార్డ్ కంపెనీ, జపాన్‌కు చెందిన నిషిన్‌బోతో కలిసి ప్లాటినం లేని ఉత్ప్రేరకంతో చిన్న ఫ్యూయల్ సెల్లుని ప్రకటించింది కూడా. కాని యాసిడ్‌లో ఈ ఇనుము నిలకడగా ఉండదు, కొన్నాళ్లకి కరిగిపోతుంది. ఆ సమస్య ఇంకా తీరలేదు.

మా అమ్మాయి ఫలితం గొప్పదేమీ కాదు. యాసిడ్‌లో ప్లాటినం కంటే తక్కువే. క్షారంలో మాత్రం దీటుగా నిలిచింది. చివర్లో దాంతో రెండు జింక్-ఎయిర్ సెల్లులు చేసింది. ఒక్కొక్కటి 1.4 వోల్టుల దాకా ఇచ్చింది, రెండూ వరసగా కలిపితే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగింది. ఆ దీపం చూడ్డానికి నన్ను ల్యాబుకి పిలిచింది. నేను చూసిన జనరేటర్లకి, సెర్చ్‌లైట్లకి అదెంత? కానీ ఎదుటి తీగ గ్రాఫైట్‌తో కొలిచి, ఇనుము ఎంతో చెప్పి, మూడుసార్లు చేసి చూపించిన దీపం అది. థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం తను చేసిన ఆ పొరపాటు గురించే రాసింది. ఆ అధ్యాయమే ఎక్కువమంది అడిగి తీసుకుంటున్నారట.

ఇది మనకెందుకు అని తమ్ముళ్లు అడగవచ్చు. చెబుతాను. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో సగమే, ఆక్సిజనూ సగమే. అక్కడ మనిషికీ దమ్ము చాలదు, డీజిల్ ఇంజనుకీ చాలదు. ప్రతి లీటరు ఇంధనం కిందనుంచి మోసుకెళ్లాలి. లడఖ్‌లో చుషూల్ దగ్గర సైన్యం కోసం ఎన్‌టీపీసీ వాళ్లు సూర్యరశ్మితో హైడ్రోజన్ తయారుచేసి, ఆ హైడ్రోజన్‌తో రాత్రింబవళ్లు 200 కిలోవాట్ల కరెంటు ఇచ్చే మైక్రోగ్రిడ్‌ని 2024 నవంబరులో ప్రకటించారు. అక్కడి డీజిల్ జనరేటర్లకి బదులుగా అన్నమాట. నేవీ సోదరులకి ఇంకా దగ్గరి సంగతి. జలాంతర్గామి పైకి రాకుండా ఎక్కువ రోజులు నీటి అడుగున ఉండడానికి డీఆర్‌డీవో అంబర్‌నాథ్ ల్యాబు ఫ్యూయల్ సెల్లుతో తయారుచేసిన ఏఐపీ వ్యవస్థని 2021 మార్చిలో నేల మీద పరీక్షించి చూపింది. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు ఫ్యూయల్ సెల్లులు ఆగిపోయి, కరెంటూ నీళ్లూ రెండూ కరువై, ముగ్గురు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక్కి వచ్చారు. ఎక్కడ చూసినా ఆ పక్క ఉన్నది ఆక్సిజనే, ఆ మొండి చర్యే.

అయితే రేపే మన పోస్టులకి ఈ మసి సెల్లులు వస్తాయని నేను చెప్పను. క్షారం సెల్లుకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే లోపల ఉప్పులా పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. పలచని గాలిలో కరెంటూ పలచనవుతుంది. ఫ్యూయల్ సెల్లులో తయారైన నీరు చలికి గడ్డకడుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటే విప్పాల్సిన ముడులు. విప్పేవాళ్లలో మన పిల్లలు ఉన్నారు. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో కెమిస్ట్రీ అంటే భయపడేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ తాతలు, నాన్నలు చలిలో బ్యాటరీని చొక్కా లోపల, గుండెకి ఆనించి పెట్టుకుని పడుకున్నారని గుర్తు చేసుకోండి. అక్కడ తీరని అవసరం ఉంది, మీ కోసం చూస్తోంది.

ఇక చివరి మాట. అమ్మాయి థీసిస్ ఇచ్చిన వారం, ఆ గఢ్వాల్ సోదరుడి నంబరు పాత మిత్రుల ద్వారా సంపాదించాను. ఫోన్ చేశాను. నేనెవరో చెబితే గుర్తుపట్టి చాలా సంతోషించాడు. అప్పుడు లాగ్‌బుక్కు సంగతి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఇప్పుడైనా చెప్పావు సాబ్" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. తర్వాత వాళ్లబ్బాయి భర్తీకి తయారవుతున్నాడని, ఏ ట్రేడు మంచిదని అడిగాడు. సిగ్నల్స్‌లో ఎలక్ట్రీషియన్ చెయ్యమన్నాను. మొదటి రోజు నుంచి హైడ్రోమీటరు పెట్టి చూసి రాయమని చెప్పమన్నాను.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లారా, నాకు తెలిసిన సైన్సు ఇంతే. చూసింది రాయండి, చూడనిది ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడికి తిట్లు తింటారు. తప్పుడు అంకెకి ఎవరి కాలివేళ్లో పోతాయి.



జై హింద్.